కోడె పైకి బాగుంటే సరిపోదు: పశువుల్లో జన్యు లోపాలు, డీఎన్ఏ పరీక్షలు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, గోనెగండ్ల మండలాల్లో సేద్యానికి ఎద్దులు, పాడికి ఆవులు, గేదెలు ఆధారం. వానలు లేక పత్తి, వేరుశనగ చేతికి రాని ఏడాది పాల డబ్బుతోనే ఇల్లు గడుపుకునే కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఆవు తొమ్మిది నెలలు మోసి వంకర కాళ్లతో చచ్చిన దూడను ఈనితే నష్టం ఆ దూడతోనే పోదు. కష్టమైన ఈనికలో ఆవు ప్రాణానికే ముప్పు రావచ్చు, ఆ ఈతలో పాలు తగ్గవచ్చు, మళ్లీ చూడి నిలిచేసరికి నెలలు గడిచిపోతాయి. మొత్తం మీద ఒక ఏడాది పోయినట్లే.

ఇలా జరిగినప్పుడు గ్రహణం పట్టిందని, దిష్టి తగిలిందని, ఆవు అచ్చిరాలేదని అనుకుని ఆవును సంతకు తోలేస్తుంటారు. దూడకు సగం గుణాలు తండ్రి నుంచి వస్తాయన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. లోపం తండ్రి వైపు కూడా ఉంటే, ఆవును అమ్మినా ఆ కోడె ఊళ్లోని మిగతా ఆవులకు దాటుతూనే ఉంటుంది. అందుకే దూడలో లోపం కనిపిస్తే తల్లితోపాటు తండ్రి ఎవరో కూడా తెలియాలి. ఈ ఒక్క అలవాటు ఉంటే ఇలాంటి నష్టాల్లో చాలావాటిని రెండోసారి రాకుండా ఆపవచ్చు.

కనిపించకుండా లోపం ఎలా దాగుతుంది?

పశువు శరీరంలోని ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తుంది. వీటిలో ఒకటి చెడినా రెండోది మంచిదైతే ఎక్కువ లోపాల విషయంలో పశువు పూర్తి ఆరోగ్యంగానే ఉంటుంది. బాగా తింటుంది, బరువు లాగుతుంది, పాలిస్తుంది. ఇలా చెడ్డ ప్రతిని లోపల మోస్తూ పైకి బాగుండే పశువును వాహక పశువు అంటారు. మూపురం, ఛాతీ, నడక ఎంత పరీక్షగా చూసినా ఆ లోపం కంటికి కనపడదు.

కోడె వాహకమై, ఆవు మంచిదైతే లోపం ఉన్న దూడ పుట్టదు. కానీ దూడల్లో సగానికి ఆ చెడ్డ ప్రతి చేరుతుంది. కోడె, ఆవు రెండూ వాహకాలైతే ప్రతి ఈతలోనూ లోపం ఉన్న దూడ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. నాలుగింట రెండు వంతులు దూడ పైకి బాగుండి వాహకం కావచ్చు. మిగిలిన ఒక వంతు పూర్తిగా మంచి దూడ పుట్టవచ్చు. ఈ లెక్క ప్రతి ఈతకూ కొత్తగా మొదలవుతుంది. మూడు ఈతలు బాగున్నాయని నాలుగోది బాగుంటుందన్న భరోసా లేదు. అలాగే ఒకసారి లోపం ఉన్న దూడ పుట్టినంత మాత్రాన ఆ ఆవుకు ఇక మంచి దూడే పుట్టదని కాదు.

ఊరికి ఒకే ఆబోతు: అసలు ప్రమాదం ఇక్కడే

దేవుడి పేరున వదిలిన ఆబోతు, లేదా ఒక రైతు పెంచే పేరున్న కోడె ఊళ్లోని ఆవులన్నిటికీ దాటడం మన ప్రాంతంలో మామూలే. బండలాగుడు పోటీల్లో గెలిచిన కోడె సంతానం కావాలని పక్క ఊళ్ల నుంచి ఆవులను తోలుకొస్తారు. మంచి కోడెను కోరుకోవడంలో తప్పు లేదు. అయితే అదే కోడె అదే ఊళ్లో ఐదారేళ్లు ఉంటే దాని పెయ్యలు ఎదిగి ఎదకొస్తాయి. అప్పుడు తండ్రే కూతుళ్లకు దాటుతుంది.

దీని ఫలితం లెక్కలో చూడండి. కోడె ఒక లోపానికి వాహకం, ఊరి ఆవులన్నీ మంచివి అనుకుందాం. దాని పెయ్యల్లో సగం వాహకాలు అవుతాయి. ఆ పెయ్యలకు మళ్లీ ఆ కోడెనే దాటిస్తే పుట్టే దూడల్లో సగటున ఎనిమిదింట ఒకదానికి లోపం వస్తుంది. అంతవరకు ఊళ్లో ఒక్క చెడ్డ దూడ కూడా పుట్టకపోవచ్చు. అకస్మాత్తుగా ఒకే ఏడాది రెండు మూడు పుడితే ఊరివాళ్లు గాలిని, మేతను అనుమానిస్తారు. కారణం మాత్రం నాలుగైదేళ్ల కిందటే మొదలై ఉంటుంది.

దగ్గర చుట్టరికపు దాటులో ఇంకో నష్టం కూడా ఉంది. పైకి వికారం ఏమీ కనపడకపోయినా దూడలు చిన్నవిగా పుట్టడం, ఎదుగుదల మందగించడం, చూడి నిలవకపోవడం, పాలు తగ్గడం జరుగుతాయి. అందుకే ఊరి ఆబోతును రెండున్నర, మూడేళ్లకు ఒకసారి దూరపు ఊరి ఆబోతుతో మార్చుకోవాలి. ఒక ఊరి కోడెను ఇంకో ఊరికి ఇచ్చి, వాళ్లది తెచ్చుకుంటే పెద్ద ఖర్చు కూడా ఉండదు.

ఒక్క కోడె వల్ల ఎంత నష్టం జరగగలదు?

మాంసం కోసం పశువులను పెంచే దేశాల్లో ఒక పేరున్న కోడె వీర్యాన్ని వేలాది మందల్లో వాడతారు. అమెరికాలో ఆంగస్ జాతి పశువుల్లో 2008లో వంకర వెన్ను, బిగుసుకుపోయిన కాళ్లతో చచ్చిన దూడలు పుడుతున్నట్లు బయటపడింది. వంశావళి పరిశీలిస్తే జీఏఆర్ ప్రెసిషన్ 1680 అనే కోడె పేరు పదేపదే కనిపించింది. మంచి కండ, మంచి ఎదుగుదల కోసం రైతులు ఎంతో వాడిన కోడె అది. కొద్ది నెలల్లోనే డీఎన్ఏ పరీక్ష సిద్ధమైంది. వాహకాల సంతానాన్ని పరీక్షించాకే జాతి పుస్తకంలో నమోదు చేయాలని అక్కడి ఆంగస్ సంఘం నియమం పెట్టింది. కారణం తెలిసింది కాబట్టి మందలను మొత్తంగా వదిలించుకోకుండానే లోపాన్ని అదుపు చేయగలిగారు.

పాడి పశువుల్లో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. 1962లో అమెరికాలో పుట్టిన పానీ ఫామ్ ఆర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ కోడె కూతుళ్లు పాలలో ముందుండేవి. ఆ జాతి జన్యువుల్లో సుమారు 14 శాతం ఈ ఒక్క కోడె నుంచే వచ్చాయని అంచనా. పాల గుణంతో పాటు, గర్భంలోనే పిండాన్ని చంపే ఒక లోపం కూడా దాని ద్వారా వ్యాపించింది. దీనివల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల పిండాలు పోయాయని, నష్టం 42 కోట్ల డాలర్లని పరిశోధకులు 2016లో లెక్కగట్టారు. దూడ పుట్టలేదు కాబట్టి రైతులకు కనిపించింది 'చూడి నిలవలేదు' అన్న మాట ఒక్కటే.

మన ఒంగోలు రక్తానికీ ఈ విషయంతో సంబంధం ఉంది. ఒంగోలు, గిర్ వంటి మన దేశపు జాతుల నుంచి అమెరికాలో బ్రాహ్మన్ జాతి తయారైంది. ఆస్ట్రేలియాలోని బ్రాహ్మన్ పశువుల్లో పాంపే వ్యాధి అనే జన్యు లోపం కనిపించింది. దూడ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. కొన్ని నెలలకు ఎదుగుదల ఆగి, కండరాలు నీరసించి, ఏడాది లోపే చనిపోతుంది. అక్కడ కోడెలకు డీఎన్ఏ పరీక్షలు చేసి వాహకాలను తప్పించడం ద్వారా దాన్ని తగ్గించారు. బ్రెజిల్‌లో మాంసానికి పెంచే నెలోర్ పశువులు కూడా ఒంగోలు సంతానమే. 1960ల ఆరంభంలో ఇక్కడి నుంచి వెళ్లిన కొద్దిపాటి కోడెల వంశాలే అక్కడ విస్తరించాయి. వాటిలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు పెట్టుకున్న కోడె ఎంతో ప్రసిద్ధం. దేశవాళీ జాతి గట్టిదే కానీ, ఏ జాతిలోనైనా కొద్ది కోడెల సంతానమే పెరిగితే వాటిలో దాగిన లోపాలూ పెరుగుతాయని గుర్తుంచుకోవాలి.

హెచ్‌ఎఫ్ సంకర ఆవులు ఉన్నవారు తెలుసుకోవలసిన నాలుగు లోపాలు

మన దేశంలో ప్రమాణాలు పాటించే వీర్య ఉత్పత్తి కేంద్రాల్లో హెచ్‌ఎఫ్, హెచ్‌ఎఫ్ సంకర కోడెలను ముఖ్యంగా ఈ లోపాల కోసం డీఎన్ఏ ద్వారా పరీక్షిస్తారు.

బ్లాడ్: రక్తంలోని తెల్లకణాలు రోగం ఉన్న చోటికి చేరలేవు. దూడకు పదేపదే నిమ్ము, పారుడు, నోటిపూత వస్తాయి. మందులు వాడినా తిరగబెడుతుంది. ఎక్కువ దూడలు ఏడాది నిండకముందే చనిపోతాయి. దీనికి కారణమైన జన్యు మార్పును 1992లో గుర్తించినప్పుడు, అమెరికాలో పరీక్షించిన హోల్‌స్టీన్ కోడెల్లో సుమారు 14 శాతం వాహకాలని తేలింది. మన దేశంలోని హెచ్‌ఎఫ్, సంకర పశువుల్లోనూ వాహకాలు బయటపడ్డాయి.

సిట్రులినీమియా: దూడ బాగానే పుడుతుంది. శరీరంలో అమ్మోనియా పేరుకుని రెండు మూడు రోజుల్లో నీరసించి, దారి తెలియక తిరిగి, తలను గోడకు ఆనించి నిలబడుతుంది. వారంలోపే చనిపోతుంది.

డంప్స్: పిండం సుమారు 40 రోజుల వయసులోనే పోతుంది. ఆవు మళ్లీ ఎదకొస్తుంది. రైతు సూది మీద సూది వేయిస్తూనే ఉంటాడు.

ఫ్యాక్టర్ 11 లోపం: రక్తం త్వరగా గడ్డకట్టదు. కొమ్ములు తీసినప్పుడు, వట్టలు కొట్టించినప్పుడు, ఈనినప్పుడు రక్తం ఎక్కువసేపు కారుతుంది.

ఈ పరీక్షలతో పాటు కోడెల క్రోమోజోములను కూడా చూస్తారు. చూడి నిలవకపోవడానికి వాటిలోని తేడాలు కూడా కారణం కావచ్చు. ఎవరు ఇచ్చారో, ఎక్కడిదో తెలియని వీర్యంతో సూది వేయిస్తే ఈ పరీక్షల రక్షణ మీ ఆవుకు ఉండదు.

లోపం ఉన్న ప్రతి దూడా జన్యువుల వల్లే కాదు

తొందరపడి కోడెను నిందించే ముందు మిగతా కారణాలు చూడాలి. కరువు ఏడాదిలో పచ్చిమేత అందక, నెలల తరబడి ఎండు చొప్ప మీదే ఉన్న చూడి ఆవుకు విటమిన్ ఎ తగ్గిపోతుంది. దూడ గుడ్డిగా, బలహీనంగా పుట్టవచ్చు. ఇది కోడె మార్చితే పోదు, మేత మార్చితే పోతుంది. చూడి కాలంలో సోకే కొన్ని వైరస్ వ్యాధులు, కొన్ని విషపు మొక్కలు, వైద్యుని సలహా లేకుండా వేసిన మందులు కూడా దూడ అవయవాలను చెడగొట్టగలవు. ఆడ, మగ కవలలు పుట్టినప్పుడు పెయ్య దాదాపు ఎప్పుడూ గొడ్డుగానే మిగులుతుంది. కడుపులో రెండు దూడల రక్తం కలవడం దీనికి కారణం. అది వంశంలో వచ్చే లోపం కాదు.

జన్యు లోపమేనా అని అనుమానించడానికి మూడు గుర్తులున్నాయి. ఒకే కోడె సంతానంలో ఒకే రకం లోపం మళ్లీ మళ్లీ కనిపించడం. తల్లిదండ్రులు దగ్గర చుట్టాలు కావడం. అదే మేత, అదే నీళ్లు తీసుకున్న వేరే కోడె సంతానంలో ఆ లోపం లేకపోవడం. ఈ మూడూ కలిస్తే పశువైద్యునికి చెప్పి తీరాలి.

ఒక హెచ్చరిక: ఆవు ఈసుకుపోతే, ముఖ్యంగా చూడి చివరి నెలల్లో, ముందుగా బ్రుసెల్లా వ్యాధిని అనుమానించాలి. ఇది మనుషులకూ సోకుతుంది. పిండాన్ని, మాయను వట్టి చేతులతో తాకకూడదు. చేతి తొడుగులు వేసుకుని, నమూనాలు తీయించాక, లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చాలి. కుక్కలకు వేయకూడదు. 4 నుంచి 8 నెలల పెయ్యలకు, పెయ్య దున్నలకు బ్రుసెల్లా టీకా తప్పక వేయించాలి.

డీఎన్ఏ పరీక్ష ఎలా చేస్తారు? ఏం తెలుస్తుంది?

తోక కుచ్చులోని వెంట్రుకలను కుదుళ్లతో సహా పీకి కాగితపు కవరులో పంపితే చాలు. రక్తం, చెవి అంచు ముక్క, వీర్యంతోనూ చేయవచ్చు. కత్తిరించిన వెంట్రుకలు పనికిరావు, కుదురు ఉండాలి. తడి తగలకూడదు. ఒక కవరులో ఒక పశువు వెంట్రుకలే పెట్టి, పైన చెవిపోగు నంబరు రాయాలి. రెండు పశువుల వెంట్రుకలు కలిస్తే ఫలితం తప్పవుతుంది.

ఈ పరీక్ష విలువ తెలియాలంటే పాత పద్ధతి చూడండి. ఒక కోడెలో దాగిన లోపం లేదని 99 శాతం నమ్మకంతో చెప్పాలంటే, దాన్ని సొంత కూతుళ్లకే దాటించి కనీసం 35 దూడలు వరుసగా బాగా పుట్టాయని చూడాల్సి వచ్చేది. అందుకు ఏళ్లు పట్టేది. ఇప్పుడు తెలిసిన లోపమైతే, పుట్టిన దూడ వెంట్రుకలతోనే తేల్చవచ్చు.

అయితే పరీక్షకూ హద్దులున్నాయి. ఒక లోపానికి చేసిన పరీక్ష ఆ లోపం గురించే చెబుతుంది. హెచ్‌ఎఫ్ జాతిలో కనుగొన్న నాలుగు లోపాలు లేవని తేలినంత మాత్రాన ఆ పశువులో మరే లోపమూ లేదని అర్థం కాదు. ఆ ఫలితాన్ని ఒంగోలు కోడెకో, ముర్రా దున్నకో భరోసాగా తీసుకోకూడదు. దేశవాళీ పశువులకు ఇప్పటికీ మొదటి రక్షణ చుట్టరికపు దాటు లేకుండా చూసుకోవడమే.

డీఎన్ఏతో దూడ అసలు తండ్రి ఎవరో, జాతి ఎంత శుద్ధమో, పాల గుణం ఎలా ఉండవచ్చో కూడా అంచనా వేస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ దేశవాళీ ఆవుల కోసం తయారు చేసిన ఇండిగౌ చిప్‌ను 2021 ఆగస్టులో విడుదల చేశారు. 2024 అక్టోబరు 5న ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ విడుదలయ్యాయి. ఇవి ముఖ్యంగా మంచి కోడెలను, దున్నలను చిన్న వయసులోనే ఎంపిక చేయడానికి ఉపయోగపడతాయి.

రెండు మూడు ఆవులున్న రైతు ప్రతి ఆవుకూ పరీక్ష చేయించాల్సిన పని లేదు. పరీక్ష అవసరం కోడెకు. ఒక ఆవు జీవితకాలంలో ఈనేది కొద్ది దూడలనే. కోడె ఒక్క ఏడాదిలోనే పదుల దూడలకు, వీర్యం ద్వారా అయితే వేల దూడలకు తండ్రి అవుతుంది.

వాహకం అని తేలితే ఏం చేయాలి?

ఆవు వాహకమైతే కంగారుపడి అమ్మకండి. ఆ లోపం లేదని పరీక్షలో తేలిన కోడె వీర్యం వాడితే లోపం ఉన్న దూడ పుట్టదు. పాలు బాగా ఇచ్చే ఆవును పోగొట్టుకోవలసిన అవసరం లేదు. దాని కోడెదూడలను మాత్రం పరీక్ష చేయించకుండా దాటుకు ఉంచకూడదు. కోడె వాహకమైతే దాటుకు వాడటం ఆపాలి. వట్టలు కొట్టించి సేద్యానికి నిశ్చింతగా వాడుకోవచ్చు, దాని బలానికి లోటేమీ ఉండదు. తెలిసి తెలిసి దాన్ని దాటు కోడెగా ఇంకొకరికి అమ్మితే మన నష్టాన్ని వాళ్ల కొట్టంలో కట్టేసినట్లే.

రైతులు ఈ రోజు నుంచే చేయవలసినవి

1. సూది వేయించిన ప్రతిసారీ వీర్యపు స్ట్రా మీద ముద్రించిన కోడె నంబరు, జాతి, కేంద్రం పేరు, తేదీ రాసుకోండి. ఖాళీ స్ట్రాను పారేయకుండా అడిగి తీసుకుని నోటుపుస్తకానికి అంటించండి. ఫోనులో ఫొటో తీసినా చాలు.

2. పశువుకు 12 అంకెల చెవిపోగు వేయించి, సూది, చూడి, ఈనిక వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయించండి.

3. పెయ్య ఎదకొచ్చినప్పుడు దాని తండ్రి నంబరు చూసి, వేరే నంబరు కోడె వీర్యమే వేయమని గోపాలమిత్రకు లేదా పశువైద్యునికి చెప్పండి. తండ్రి, అన్న, తాత వీర్యం వద్దు.

4. ఊరి ఆబోతును, దున్నపోతును మూడేళ్లకు మించి ఉంచకండి. ఊళ్లో పుట్టిన కోడెదూడల్లో దాటుకు పనికిరానివాటికి, అవి పెయ్యల మీదికి వెళ్లకముందే వట్టలు కొట్టించండి.

5. లోపం ఉన్న దూడ పుడితే సిగ్గుపడి గుట్టుగా పూడ్చేయకండి. ఫొటోలు తీసి, తల్లి చెవిపోగు నంబరు, తండ్రి నంబరు, ఈనిన తేదీ రాసి పశువైద్యునికి తెలపండి. మీరు చెప్పిన ఒక్క మాటతో ఆ కోడె వీర్యం ఇంకెంతమంది ఆవులకు వెళ్లిందో వెతకవచ్చు.

6. చూడి ఆవుకు చివరి మూడు నెలలు పచ్చిమేత, లవణ మిశ్రమం తప్పకుండా ఇవ్వండి.

7. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో గానీ, కర్ణాటక సంతల్లో గానీ దాటుకు కోడెను కొనేటప్పుడు పళ్లు, సుళ్లు చూసినట్లే దాని తల్లిదండ్రుల వివరాలు, ఇంతకుముందు పుట్టిన దూడల సంగతి అడగండి. వీలైతే ఆ దూడలను చూశాకే బేరం చేయండి.

సందేహాలుంటే మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని, దగ్గరి పశువైద్యశాలను, లేదా ఎమ్మిగనూరు దగ్గరి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. పశువుకు అత్యవసరమైతే 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. నమూనాలు ఎలా తీయాలి, ఎక్కడికి పంపాలి అన్నది పశువైద్యుని ద్వారానే చేయించుకోవడం మంచిది. వెళ్లేటప్పుడు కోడె నంబర్లు రాసుకున్న నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. ఏ పరీక్షకైనా అదే మొదటి ఆధారం.